రంగం నుంచి వచ్చిన నూనె నూడుల్స్

చారు పోయకుండా, కాచిన నూనెతో కలిపి వడ్డించే నూడుల్స్‌కు తూర్పు, ఆగ్నేయ ఆసియాలలో దేశానికొక పేరుంది. జపానులో దానిని అబురాసోబా అంటారు. అబురా అంటే నూనె, సోబా అన్నది ఉత్తరాదివారు కుట్టూ అని పిలిచే గింజల పిండితో చేసే నూడుల్స్‌కు అసలు పేరైనా ఇక్కడ గోధుమ నూడుల్స్‌కే చెల్లుతుంది. దాని దగ్గరి చుట్టమైన మరో వంటకానికి మాజేసోబా, అంటే కలిపిన నూడుల్స్ అని పేరు. బర్మాలో కాచిన నూనె అనే అర్థమున్న సీజెట్ అన్న మాటను ముందు చేర్చి సీజెట్ ఖౌస్వే అంటారు, ఖౌస్వే అంటే నూడుల్స్. చేత్తో కలిపి పెట్టే ఏ తిండికైనా బర్మీయ భాషలో అతోక్ అని పేరుండగా, చివర సగమే పలికే ఆ హల్లు రాలిపోయి చెన్నై వీధుల్లో అది అతో అయింది. ఈ పేర్లన్నిటిలో మళ్లీ మళ్లీ వినిపించేవి నూనె, కలపడం అనే రెండు మాటలే కనుక, పప్పులో నెయ్యి, పచ్చడిలో నూనె పోసుకొని అన్నం కలుపుకొనే తెలుగువారికి ఈ వంటకం తెలిసిన పద్ధతిలోనే ఎదురైందనుకోవాలి. అయితే అది వారి చేతికి అందిన దారి మాత్రం సులువైనది కాదు; ఆ దారిలో ఓడలున్నాయి, ధాన్యం మిల్లులున్నాయి, రెండు సార్లు సర్వం వదిలి తిరిగివచ్చిన కుటుంబాలున్నాయి.

ఆ దారి తెలుగు ఊళ్లన్నిటి మీదుగా పోలేదు. ఇప్పుడు ఖమ్మం నగరంలో కలిసిపోయిన ఖానాపురం హవేలి సముద్రానికి దూరంగా ఉన్న ఊరు. పేరులోని హవేలి పాత రెవెన్యూ మాట. ముఖ్య పట్టణాన్ని ఆనుకొని ఉండి, జమీందారులకు గాని జాగీర్దారులకు గాని ధారపోయకుండా, ప్రభుత్వం తన సిబ్బంది, సైన్యం ఖర్చుల కోసం నేరుగా శిస్తు వసూలు చేసుకొన్న భూములను హవేలి భూములనేవారు. నిజాం ఏలుబడిలోని ఈ వైపు తెలుగు పల్లెల నుంచి బతుకుదెరువు వెతుక్కొంటూ కదిలినవారిలో చాలామంది పడమటికి, బొంబాయికి పోయారు. అక్కడి కామాఠిపురకు ఆ పేరు వచ్చింది కామాఠీలనబడిన ఆ తెలుగు కూలీల వల్లనే. అడవికి అవతలనున్న భద్రాచలం కథ వేరు. నిజాం 1860లో దానిని బ్రిటిషు వారికి ఇచ్చివేయగా మొదట మధ్య పరగణాల్లోను, 1874 నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలోను ఉండి, 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో 1959లో గాని అది చేరలేదు. ఆ ఎనభై ఐదేళ్లు భద్రాచలం ముఖం నది దిగువకే తిరిగి ఉంది. ఎగువ గోదావరి అడవుల టేకును తెప్పలుగా కట్టి రాజమహేంద్రవరం వైపు దించేవారు. నది సముద్రంలో కలిసే చోట, గౌతమి పాయ ఒడ్డున, టేకు ఓడలు కట్టడంలోను, ఓడలు బాగుచేయడంలోను పేరుపొందిన కోరంగి రేవు ఉండేది.

కోరంగిని 1789లోను, మళ్లీ 1839 నవంబరులోను ఉప్పెనలు ముంచెత్తాయి. రెండో దెబ్బ తరువాత రేవు మళ్లీ నిలదొక్కుకోలేదు, దాని వ్యాపారం క్రమంగా కాకినాడకు మళ్లింది. రేవు పోయినా పేరు పోలేదు, సముద్రం దాటి మరో దేశంలో స్థిరపడింది. బర్మాలో తెలుగువారిని, వారు ఏ జిల్లా నుంచి వచ్చినా సరే, కోరంగీలనే పిలిచారు. శ్రీకాకుళం మనిషికీ విశాఖపట్నం మనిషికీ, తాను చూసి కూడా ఉండని ఒక మునిగిన రేవు పేరు ఇంటిపేరులా అంటుకొంది. వారు తమ వంతుగా రంగూన్‌ను రంగం అన్నారు. ఉత్తరాంధ్రలో రంగం పోవడం అంటే పొట్ట చేత పట్టుకొని సముద్రం దాటిపోవడమే.

బ్రిటిషు వారు బర్మాను 1826, 1852, 1885 సంవత్సరాలలో ముగిసిన మూడు యుద్ధాలలో ముక్కలు ముక్కలుగా తీసుకొన్నారు. రెండో యుద్ధంతో ఐరావతి డెల్టా వారి చేతికి రావడం, 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో యూరపుకు ఓడ ప్రయాణం కురచ కావడం, ఈ రెండూ కలిసి చిత్తడి నేలలను వరి పొలాలుగాను, రంగూన్‌ను ప్రపంచంలోని పెద్ద బియ్యపు రేవులలో ఒకటిగాను మార్చాయి. పొలం నరకడానికి బర్మీయ రైతు ఉన్నా, మిల్లులో ధాన్యం మోయడానికీ, రేవులో బస్తాలు ఓడకెక్కించడానికీ, పడవ తోయడానికీ, రిక్షా లాగడానికీ కావలసిన చేతులు తెలుగు తీరం నుంచి వచ్చాయి. 1856లో మొదలై 1862 నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా నడిచిన సంస్థ ఓడలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపూర్ రేవుల నుంచి వారిని పై తట్టు మీద, అంటే గది లేని బయలు ప్రయాణంలో, చేరవేశాయి. ఓడ ఖర్చు ముందుగా ఇచ్చేవాడు మేస్త్రీ. అప్పు తీరేదాకా కూలీ అతని ముఠాలోనే ఉండాలి, కూలి డబ్బు అతని చేతి మీదుగానే రావాలి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలకు మించారు. రంగూన్ నగరంలోని సుమారు 4 లక్షల మందిలో 2 లక్షల 12 వేలకు పైగా, అంటే సగానికి మించి, భారతీయులే. తెలుగు చరిత్ర రచన ఈ ప్రయాణాన్ని ఎక్కువగా ఓడల లెక్కలు, కూలి లెక్కలుగానే గుర్తుంచుకొంది. అక్కడ వారు ఏమి తిన్నారు, ఎవరి పక్కన కూర్చొని తిన్నారు అన్నది కూడా చరిత్రే, బహుశా కూలి లెక్కల కన్నా ఎక్కువ కాలం నిలిచిన చరిత్ర.

పూట భోజనం అన్నమే. బియ్యపు దేశంలో బియ్యం మోసే మనిషికి మరొకటి అక్కరలేదు. నూడుల్స్ పూటకూ పూటకూ నడుమ తినే చిరుతిండి. రంగూన్ వీధుల్లో భుజం మీద కావడి వేసుకొని, ఒక వైపు తట్టలో ఉడికించిన ఖౌస్వే, మరో వైపు గిన్నెల్లో నూనె, పులుపు, కారం పెట్టుకొని తిరిగే అమ్మకందారులుండేవారు. నూడుల్స్‌ను ఆ ఊరికి తెచ్చినవారు చైనీయులు: సముద్రం మీదుగా వచ్చిన ఫూకియన్, కాంటన్ ప్రాంతాలవారు ఒక వంక, కొండదారుల్లో యునాన్ నుంచి వచ్చిన పంతే అనబడే చైనా ముస్లింలు మరో వంక. వారి వంటకాన్ని బర్మీయులు తమకు తగినట్టు మార్చుకొన్నారు. నువ్వులు, వేరుసెనగ పండే నడిమి మెట్ట నుంచి నూనె వచ్చింది. ఆ నూనెలో వెల్లుల్లి ముక్కలను ఎర్రగా వేయించి, వాసన దిగిన నూనెను జాడీల్లో నిల్వ చేశారు. పంది, బాతు మాంసం ముక్కలతో చైనీయుల సీజెట్ ఖౌస్వే, కోడికూరా వేయించిన సెనగపిండీ వేసి లావు బియ్యపు నూడుల్స్‌తో కలిపే మండలే నాన్‌జీ తోక్, ఏ మాంసమూ లేకుండా చింతపండు పులుసుతో కలిపే ఖౌస్వే తోక్ అలా పక్కపక్కనే పెరిగాయి. ఈనాడు భారతదేశపు హోటళ్లలో ఖౌస్వే పేరిట వడ్డించే కొబ్బరిపాల వంటకం ఈ కుటుంబంలో ఒకటే శాఖ. వీధి మనిషి తిన్నది చాలా వరకు చారు లేని శాఖ.

చారు లేకపోవడానికి కారణం రుచి ఒక్కటే కాదు, కట్టెలు కూడా. ఎముకలను గంటల తరబడి మరిగించి చారు తీయాలంటే పొయ్యి, పెద్ద కాగు, స్థిరమైన చోటు కావాలి. వెల్లుల్లి నూనె ఒకసారి కాచుకొంటే దినమంతా సరిపోతుంది, నూడుల్స్ పొద్దున్నే ఇంటి దగ్గర ఉడికించి తేవచ్చు, వీధిలో చేయవలసినది కలపడం ఒక్కటే. నూనెకు మరో పని కూడా ఉంది. ఉడికిన నూడుల్స్ పైన గంజి జిగురు ఉంటుంది, చల్లారితే అవి ముద్ద కట్టుకుపోతాయి. వేడి మీదనే నూనె పట్టిస్తే ప్రతి పోగు చుట్టూ సన్నని పొర ఏర్పడి విడివిడిగా నిలుస్తాయి, ఆ పైన వేసే ఉప్పు, కారం, పులుపు పోగుపోగుకూ అంటుకొంటాయి.

ఈ పద్ధతి తెలుగు వంటగదికి కొత్తది కాదు. పులిహోరకు అన్నాన్ని కొంచెం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, మెతుకు మెతుకూ అంటుకోకుండా నూనె, పసుపు చల్లి, ఉడికించిన చింతపండు గుజ్జు, పోపు వేసి చేత్తో అడుగు నుంచి పైకి కలుపుతారు. చారు గాని కూర గాని అక్కరలేకుండా, చల్లారినా చెడకుండా ఉంటుంది కనుక దేవుడి ప్రసాదానికీ ప్రయాణపు మూటకూ అదే తగిన అన్నమైంది. అతో చేసే విధానాన్ని దీని పక్కన పెట్టి చూస్తే అక్కాచెల్లెళ్లను చూసినట్టే ఉంటుంది. వెడల్పాటి గిన్నెలో నారింజరంగు వేసి ఉడికించిన గోధుమ నూడుల్స్, సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ, ఉల్లిపాయ తీసుకొని, చింతపండు రసం, ఉప్పు, ఎండుమిరప కారం, వేయించిన సెనగపప్పు పొడి, ఎర్రగా వేగిన ఉల్లి వెల్లుల్లి ముక్కలు, అవి వేగిన నూనె ఒకదాని వెంట ఒకటి వేసి, చేతివేళ్లతో ఎత్తి ఎత్తి కలుపుతారు. చివరగా పైన చిదిమి చల్లే బేజో అన్న కరకరలాడే బిళ్ల బర్మీయ పేజో నుంచి వచ్చింది. బియ్యప్పిండిలో పప్పు వేసి నూనెలో వేయించే తెలుగు చెక్కలకు అది సముద్రం అవతలి చుట్టం. ఉడికించిన గుడ్డును చీల్చి, నడుమ వేగిన ఉల్లి, కారం, చింతపండు రసం, నూనె నింపి ఇచ్చే గుడ్డు మసాలా దాని జత. అరటి దవ్వతో కాచిన పలుచని చారు, బర్మీయుల చేపల వంటకం మొహింగాలోని దవ్వను గుర్తుచేస్తూ, వేరే గిన్నెలో వస్తుంది, నూడుల్స్‌లో పోయరు. తెలుగు భోజనంలో కూడా చారుకు తన వంతు వేరుగా ఉంటుంది. కలిపిన అన్నం ముగిశాకే చారన్నం వస్తుంది. చారులో తేలే నూడుల్స్ తెలుగు వీధిలో స్థిరపడకపోవడానికీ, కలిపిన నూడుల్స్ స్థిరపడడానికీ ఈ అలవాటే ముఖ్య కారణమని చెప్పడం సాహసం కాదు.

రంగం జీవితం మాత్రం కలిసిపోయిన జీవితం కాలేదు. 1930 మే నెలలో కూలి పెంచాలని తెలుగు రేవు కూలీలు పని మానగా, యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొని, సమ్మె తీరగానే ఆ బర్మీయులను వెళ్లగొట్టారు. మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట రోజుల తరబడి నగరమంతా పాకి, వందకు పైగా ప్రాణాలు తీసింది, చనిపోయినవారిలో అత్యధికులు భారతీయులే. లాభం మిల్లు యజమానిది, ఓడల కంపెనీది. దెబ్బ తిన్నవారు మాత్రం ఒకే వీధిలో ఒకే కావడి దగ్గర తిన్న ఇద్దరు పేదలు. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది, మరుసటి ఏడు మళ్లీ అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేయగా, 1942 మార్చిలో నగరం వారి వశమయ్యే నాటికి ఓడ దొరకనివారు అరకాన్ దారిలోనో, మణిపూర్, అస్సాం కొండల్లోనో నడక పట్టారు. నాలుగైదు లక్షల మంది అలా బయటపడ్డారు. జ్వరాలతో, ఆకలితో దారిలో రాలిపోయినవారు వేల సంఖ్యలో ఉన్నారు. అదే ఏడు ఏప్రిల్ 6న జపాను బాంబులు విశాఖపట్నం మీద కూడా పడ్డాయి.

యుద్ధం తరువాత కొందరు తిరిగి వెళ్లారు. రెండో రాక దానికి ఇరవై ఏళ్ల తరువాతది. 1962 మార్చి 2న అధికారం చేజిక్కించుకొన్న జనరల్ నె విన్ ప్రభుత్వం 1963, 64 సంవత్సరాలలో వ్యాపారాలను జాతీయం చేసి, 1964 మేలో 50, 100 చాట్ నోట్లను రద్దు చేయడంతో దుకాణమూ దాచుకొన్న డబ్బూ రెండూ పోయిన లక్షకు పైగా భారతీయులు భారత ప్రభుత్వం పంపిన ఓడల్లో మద్రాసు, విశాఖపట్నం రేవుల్లో దిగారు. నగదు, నగలు వెంట తెచ్చుకోవడానికి కఠినమైన పరిమితులుండేవి. ఏ సుంకపు అధికారీ పట్టుకోలేని సొత్తు చేతిపని, నాలుక మీది రుచి. మద్రాసులో తిరిగివచ్చినవారి కోసం 1969లో ఏర్పడిన బర్మా బజారు చుట్టుపక్కల అతో బండ్లు నిలిచాయి. వాటి వెనుక ఎక్కువగా తమిళ కుటుంబాలుండేవి. విశాఖపట్నంలో కంచరపాలెం వైపు తిరిగివచ్చినవారు స్థిరపడిన చోటికి బర్మా క్యాంప్ అన్న పేరు నేటికీ ఉంది. అక్కడ ఖౌస్వే అన్న మాట తెలుగు ఇళ్ల మాటగా బతికింది.

ఇక్కడ జపాను కథను మళ్లీ అందుకోవాలి, ఎందుకంటే బాంబులు వేసిన దేశంలో కూడా నూడుల్స్ బండిని నిలబెట్టినవారు సర్వం కోల్పోయి తిరిగివచ్చినవారే. 1945 ఓటమి తరువాత చైనా, మంచూరియా, కొరియా తదితర ప్రాంతాల నుంచి 60 లక్షలకు పైగా సైనికులు, పౌరులు జపానుకు తిరిగివచ్చారు. బియ్యం కరువైన ఆ రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన గోధుమపిండితో, చైనాలో నేర్చుకొన్న చేతిపనితో, వారిలో ఎందరో వీధి పక్కన నూడుల్స్ బండ్లు పెట్టారు. ఆ కాలపు వంటలోనే, 1950ల దశకంలో, టోక్యో పడమటి శివార్లలో అబురాసోబా పుట్టింది. కునితాచీలో హితోత్సుబాషి విశ్వవిద్యాలయం దగ్గరి సాంకో అనే చిన్న దుకాణమూ, ముసాషినో ప్రాంతంలో ఆసియా విశ్వవిద్యాలయం దగ్గరి చిన్‌చిన్‌తెయ్ అనే దుకాణమూ మొదటి స్థానాన్ని పంచుకొంటాయి. రెండూ విద్యార్థుల వీధులు కావడం యాదృచ్ఛికం కాదు, తక్కువ ధరకు కడుపు నిండే తిండి కావలసినది వారికే.

అలాంటి జపాను దుకాణంలో సాధారణంగా పది మందికి మించి చోటుండదు. వంటవాడి ఎదుట పొడవైన బల్ల, దాని ముందు వరుసగా పీటలు, చాలా చోట్ల వాకిట్లోనే డబ్బు వేసి చీటీ తీసుకొనే యంత్రం. గిన్నె అడుగున సోయా రసం, పంది కొవ్వో నువ్వుల నూనో ముందే పోసి, దాని మీద క్షారం కలిపి చేసిన లావు గోధుమ నూడుల్స్, పైన పంది మాంసపు ముక్కలు, ఊరబెట్టిన వెదురు మొలకలు, ఉల్లికాడలు, సముద్రపు నాచు రేకు పెడతారు. క్షారమంటే సోడియం, పొటాషియం కార్బనేట్ల మిశ్రమం. పిండికి పసుపు ఛాయనూ సాగే గుణాన్నీ ఇచ్చేది అదే. తినేవాడు తానే వెనిగరునూ మిరప నూనెనూ గిన్నె చుట్టూ పోసి, పుల్లలతో అడుగు నుంచి పైకి తిరగేసి, రసం అంతా పోగులకు పట్టాకే తినాలి. కలపకుండా తింటే పైన చప్పగాను అడుగున ఉప్పగాను ఉంటుంది. 2008లో నగోయాలోని మెన్యా హనాబి అనే దుకాణం తయారుచేసిన తైవాన్ మాజేసోబాతో మరో మర్యాద ప్రచారంలోకి వచ్చింది: నూడుల్స్ అయిపోయాక అడుగున మిగిలిన కారపు రసంలో కొంచెం అన్నం పెట్టించుకొని కలుపుకొని తినడం. దానిని ఓయిమేషి, అంటే వెంట వచ్చే అన్నం, అంటారు. వేపుడు చేసిన బూరెలమూకుడులో వేడి అన్నం వేసి కలిపి ముద్దలు పెట్టే తెలుగు ఇంట్లో ఆ అన్నానికి పేరు లేకపోయినా ఆ రుచి తెలియనివారుండరు.

తెలుగు దేశంలో డబ్బుకు అన్నం పెట్టే ఇళ్ల చరిత్ర పాతదే. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఓరుగల్లులో ఒక రూకకు దొరికే పూటకూటి భోజనాన్ని, అందులోని గోధుమ పిండివంటతో సహా, వర్ణించింది. పన్నెండో శతాబ్దపు చాళుక్య రాజు మూడో సోమేశ్వరుని మానసోల్లాసంలో సేవిక పేరుతో గోధుమ సేవల ప్రస్తావన ఉంది. పిండిని పోగులుగా తీయడమూ, ఇల్లు దాటి తినడమూ రెండూ ఇక్కడ ఉన్నవే. అయితే పోగులు పాలతాలికలుగా, సేమ్యా పాయసంగా తీపి వైపే పోయాయి, పూటకూళ్ల ఇల్లు నిండు భోజనం వైపే ఉండిపోయింది. ఒకే వంటకం, ఒకే బండి, నిలబడి తిని పోయే పద్ధతి తెలుగు పట్టణాలకు చాలా ఆలస్యంగా వచ్చాయి.

ఖమ్మానికి నూడుల్స్ వచ్చిన దారి రంగం దారి కాదు. 1980ల మొదట్లో విపణిలోకి వచ్చిన మ్యాగీ పొట్లం ఇళ్లలోకి పోగా, బండ్ల మీదకు వచ్చినది కలకత్తా చైనీయుల వంట. హక్కా నూడుల్స్ అన్న పేరులోని హక్కా అక్కడ స్థిరపడిన ఒక చైనా సమాజం పేరు. అదీ చారు లేని నూనె నూడుల్సే, కాని చేత్తో కలపరు, పెద్ద మంట మీద మూకుడులో ఎగరేస్తారు. ఖానాపురం హవేలి వైపు గాని, నగరంలో మరే వైపు గాని సాయంత్రం పూట అలాంటి బండి దగ్గర ఆగినవారికి కనబడే పులుపు సీసాలోని వెనిగరు. పక్కనే సోయా, మిరపకాయ సాసు సీసాలుంటాయి. రంగం దారిన వచ్చిన బండికి గుర్తుగా నిలిచే చింతపండు రసం గిన్నె, వెల్లుల్లి నూనె జాడీ ఈ సరంజామాలో భాగం కావు.